ఆరేళ్ళ పాపను సముద్రం మీద వేటకు తీసుకెళ్ళొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

పెన్నఒడ్డు (నెల్లూరు)
ఫిబ్రవరి మొదటి ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది మైపాడు దగ్గర ఒక పల్లెపాలెం. నేను నెల్లూరులో ఉద్యోగంలో చేరి పన్నెండేళ్ళయింది. మా నాయన మాత్రం ఊళ్ళోనే ఉన్నాడు, ఇప్పటికీ వేటకు పోతున్నాడు. ఫైబర్ పడవ, పది హార్స్‌పవర్ ఇంజన్, వెంట మా చిన్నాన్న, ఇంకొక కళాసీ. తెల్లవారుజామున మూడింటికి పోయి ఎండెక్కే వేళకు ఒడ్డుకు వస్తారు.

మా పాపకు ఆరేళ్ళు నిండాయి, ఒకటో తరగతి. సంక్రాంతికి ఊరికి పోయినప్పటి నుంచి ఒకటే మాట, "తాతతో వేటకు పోతా" అని. ఆ రోజు పడవ వచ్చాక వలలోంచి కవళ్ళ చేపలు దులుపుతుంటే మధ్యలో కూర్చుంది. లేచేసరికి మోచేతుల దాకా పొలుసులే. నాయన కూడా "ఏప్రిల్ 15న వేట నిషేధం పడుతుంది, ఆలోపు సముద్రం మెత్తగా ఉన్నప్పుడు ఒక్కసారి తీసుకుపోదాం" అంటున్నాడు. నన్ను ఆయన మొదటిసారి పడవ ఎక్కించింది ఏడేళ్ళప్పుడు.

నా భార్య ఒప్పుకోవడం లేదు. ఆమెది ఆత్మకూరు వైపు మెట్ట ఊరు. సముద్రం కొత్త కాబట్టి భయపడుతోందని మా వాళ్ళు అంటారు. నేను అలా అనుకోను. మా పెదనాయన వేటకు పోయి తిరిగి రాలేదు. ఆ ఫోటో మా ఇంటి నడవలోనే ఉంది, ఆమె రోజూ చూస్తుంది.

ఏ వయసులో తీసుకెళ్ళడం సరైనది? ఏమేం సిద్ధం చేసుకోవాలి? చేపలు కళ్ళముందే కొట్టుకుని చచ్చిపోతుంటే పిల్ల మనసు ఏమవుతుంది? ఇంకొకటి కూడా ఉంది. ఆడపిల్లను పడవ ఎక్కించడం మన వాడుక కాదని ఊళ్ళో ఇద్దరు ముగ్గురు పెద్దలు అంటున్నారు. దాని గురించి కూడా మనసులో ఉన్నది చెప్పండి.

కొత్తపట్నం_బోటు (ప్రకాశం జిల్లా)
ఆదివారం, రాత్రి 10:25

అన్నా, నాకు సముద్రంతో ఇరవై ఆరేళ్ళ పరిచయం. నా కొడుకుని ఎనిమిదో ఏట తీసుకెళ్ళాను. వయసు కన్నా ముందు రెండు విషయాలు చూసుకోండి. "కదలకుండా కూర్చో" అంటే పిల్ల వెంటనే కూర్చుంటుందా? ఎందుకని అడగకుండా, ఆ క్షణంలోనే. తర్వాత, మెడ లోతు నీళ్ళలో వదిలితే వెల్లకిలా తేలగలదా? ఈ రెండూ రాని పిల్ల పదేళ్ళదైనా పడవ ఎక్కకూడదు.

అందరూ నడిసముద్రం అంటే భయపడతారు. నా లెక్కలో అసలు ప్రమాదం ఒడ్డు దగ్గర. పడవను నీళ్ళలోకి తోసి కెరటాలు దాటించే ఆ నాలుగైదు నిమిషాలు, మళ్ళీ వచ్చేటప్పుడు వెనక నుంచి కెరటం తరుముతుంటే ఒడ్డు పట్టే ఆ రెండు నిమిషాలు. పడవలు బోల్తా పడేది ఎక్కువగా అక్కడే. ఈత వచ్చిన మగవాళ్ళకే ఆ సమయంలో పడవ చెక్క తగిలి పక్కటెముకలు విరిగాయి. పాపను ఎక్కిస్తే కెరటాలతో పని లేని చోట ఎక్కించండి. హార్బరు జెట్టీ అయితే మేలు, కాకపోతే కాలువ. కాలువ అయినా అది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంటుంది. నిరుడు మేట ఉన్న చోట ఈ ఏడు ఉండదు. ముందురోజు చూసుకోవాలి.

లైఫ్ జాకెట్ విషయంలో బేరం లేదు. పెద్దవాళ్ళ జాకెట్ బిగించి కట్టినా నీళ్ళలో పడగానే పిల్ల కిందికి జారిపోతుంది, జాకెట్ పైకి పోతుంది. పిల్లల జాకెట్లు బరువును బట్టి వస్తాయి. తలవెనక కాలరు ఉండాలి, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపండి. జాకెట్ చెవుల దాకా లేస్తే అది మీ పాపది కాదు.

పాప పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి వల పని, ఇంజన్ పని ఏదీ ఉండకూడదు. అంటే మీరు. మీ నాయన కాదు.

మెట్టసీమ (ఉదయగిరి)
సోమవారం, ఉదయం 7:05

శీర్షికలో సగమే చూసి అడవి వేట అనుకుని తెరిచాను. మా వైపు వేట అంటే అదే. అయినా ఒక మాట రాయాలనిపించింది.

మా తాత దగ్గర నాటు తుపాకీ ఉండేది. ఐదేళ్ళప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని కొండ కిందికి తీసుకెళ్ళేవాడు. నా పని సంచి మోయడం, నోరు మూసుకుని ఉండడం. కౌజులు, చెవులపిల్లులు పడేవి. అప్పటికే వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చి చాలా ఏళ్ళయింది, 1972 నాటిది. మా ఊళ్ళో దాని ఊసు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఒక రోజు తాత కొట్టిన చెవులపిల్లి కడుపులో పిల్లలున్నాయి. నేను చూశాను. తాత నా ముఖం వైపు చూశాడు. ఆ తర్వాత నన్ను తీసుకెళ్ళలేదు, తనూ మెల్లగా మానేశాడు.

మా వైపు తండ్రులకు నేను చెప్పేది ఒకటే. అడవి వేటకు పిల్లల్ని తీసుకెళ్ళకండి, మీరూ పోకండి. అది జైలు పడే నేరం. పైగా ఈరోజుల్లో తుపాకీ కన్నా పందుల కోసం లాగే కరెంటు తీగలు, పెట్టే నాటు బాంబులు ఎక్కువ. వాటికి మనిషీ పందీ తేడా తెలియదు, పొలానికి పోయిన రైతులే పోయారు. పిల్లకు అడవి చూపించాలంటే రాపూరు వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. పొద్దున్నే పోయి అడుగుల గుర్తులు చూపించండి. తాత నాకు నేర్పిన వాటిలో నాకు మిగిలింది అదే, గుర్తులు చదవడం.

మీ సముద్రం సంగతి నాకు తెలియదు. పిల్ల ముఖం చూస్తూ ఉండండి. అంతే చెప్పగలను.

ఇద్దరమ్మాయిల_అమ్మ (సింగరాయకొండ)
సోమవారం, ఉదయం 11:30

పెన్నఒడ్డు గారూ, మీ భార్య ఇది చదువుతుంటే ఆమెకు కూడా చెప్తున్నాను. నేనూ మొదట వద్దనే అన్నాను. మా పాకల ఊరి దగ్గర సముద్రంలో స్నానానికి దిగి కొట్టుకుపోయిన పిల్లల వార్తలు ఏటా వింటూనే ఉంటాం. తల్లికి భయం ఉండడం తప్పు కాదు. ఆ భయాన్ని పనికి వాడుకోవాలి. నేను మా ఆయనకు ఒక కాగితం మీద రాసి ఇచ్చాను: ఏ టైముకు పోతారు, ఏ టైముకు వస్తారు, పడవలో ఎవరెవరు, ఫోన్ ఎవరి దగ్గర, ఆలస్యమైతే నేను ఎవరికి ఫోన్ చేయాలి. తీర రక్షక దళం నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. రెండూ ఫ్రిజ్ మీద అంటించాను. ఆ కాగితం లేకుండా మా పిల్లలు ఇల్లు దాటరు.

చేపలు చావడం గురించి అడిగారు. మా పెద్దమ్మాయి తొమ్మిదేళ్ళప్పుడు పడవలో ఒక వంజరాన్ని తలమీద కొట్టడం చూసింది. ఇంటికొచ్చి రెండు నెలలు చేప ముట్టలేదు. మా అత్త "అలవాటవుతుంది, పెట్టు" అని బలవంతం చేయబోతే నేను ఒప్పుకోలేదు. రెండు నెలల తర్వాత నెత్తళ్ళ వేపుడు వాసనకు తనే కంచం తెచ్చుకుంది. పిల్ల అడిగితే దాచకుండా చెప్పండి. నిద్రపోతోంది, సాగరమ్మ దగ్గరికి పోయింది, అలాంటివి వద్దు. చచ్చిపోయింది, మనం తినడానికి చంపాం, అంతే. దానిమీద నవ్వొద్దు, పౌరుషం మాటలు వద్దు.

తెరచాప (రామాయపట్నం)
సోమవారం, సాయంత్రం 6:15

నాయనా, నేను పెద్దవాణ్ణి. మా మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెప్తున్నాను.

మా కాలంలో ఐదేళ్ళకే తెప్ప మీద కూర్చోబెట్టేవాళ్ళు. నడుముకు తాడు కట్టి ఆ తాడును తెప్ప దుంగకు కట్టేవాళ్ళు. అలా పెరిగిన వాళ్ళమే మేమంతా.

1989 నవంబరులో కావలి తుపాను వచ్చింది. దానికి రెండు రోజుల ముందు మా అక్క కొడుకును తీసుకుని పోయాం, వాడికి తొమ్మిదో పదో. గాలి లేదు. ఆకు కదలడం లేదు. అయినా అలలు బారుగా, పొడుగ్గా, ఒకదానికొకటి చాలా దూరంగా వస్తున్నాయి. మా నాయన వల వేయబోతూ ఆగాడు. "గాలి ఇక్కడ లేదు, ఇంకెక్కడో ఉంది" అన్నాడు. వల వేయకుండా తెప్ప తిప్పాడు. ఆ సాయంత్రమే దుంగలు విడదీసి ఊరి మధ్యకు మోయించాడు. ఆ పిల్లవాడికి ఇప్పుడు నలభై అయిదు దాటాయి. ఫోన్లో ఏమొచ్చినా సరే, పొద్దున్నే పోయి అలల బారు చూడకుండా బోటు తీయడు. బడిలో నేర్పలేనిది అది. అందుకని తీసుకెళ్ళమనే నా మాట.

ఆడపిల్ల సంగతి. మా పాలెంలోనూ ఆడవాళ్ళు తెప్ప ఎక్కేవాళ్ళు కాదు. గంప ఎత్తుకుని కందుకూరు దాకా నడిచి అమ్మింది వాళ్ళే, అప్పు తెచ్చింది, తీర్చింది వాళ్ళే. ఇంత మోసిన వాళ్ళు పడవ ఎక్కితే ఏ అపచారం జరుగుతుందో నాకు ఈ వయసులోనూ అర్థం కాలేదు. కానీ ఊరి పెద్దలకు తెలియకుండా చేయొద్దు. పోయి చెప్పండి. దాచి చేస్తే మీరు పట్నం పోతారు, ఆ మాటలు పడేది మీ నాయన.

కొత్తపట్నం_బోటు
సోమవారం, రాత్రి 8:50

తాతా, మీ మాట మీద గౌరవంతో చెప్తున్నాను. ఆ తాడు మాత్రం వద్దు. తెప్ప దుంగలు మునగవు, తిరగబడినా పిల్ల దుంగ మీదికి పాక్కుంటూ రాగలదు. ఫైబర్ పడవ అలా కాదు. బోల్తా పడితే దాని కింద చీకటి, డీజిల్. కట్టేసి ఉన్న పిల్లను ఆ కింద విప్పడానికి ఎవరి వల్లా కాదు. జాకెట్ వేసి, వీపు మీది పట్టీని తండ్రి చేత్తో పట్టుకోవాలి. పడవకు కట్టొద్దు.

ఇంకా, ఇంజన్ పంకా దగ్గరికి రానివ్వొద్దు. జడ గట్టిగా ముడి వేసి టోపీ పెట్టండి. చున్నీ, పొడుగు లంగా వద్దు.

తాత చెప్పిన అలల బారు నూటికి నూరుపాళ్ళు నిజం. దూరంలో తుపాను లేస్తే దాని అలలు గాలికంటే ముందే వస్తాయి. ఇప్పుడు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ వాళ్ళు ఎత్తైన అలల హెచ్చరికలు పంపుతున్నారు, వాతావరణ శాఖ వాళ్ళు గాలి చెప్తున్నారు. ముందురోజు సాయంత్రం చూడండి, తెల్లవారి మళ్ళీ చూడండి. పాప ఉన్న రోజున నియమం వేరు. మనకు పోదగిన రోజు వేరు, పిల్లకు పోదగిన రోజు వేరు. "కొంచెం గాలి ఉంది, పర్వాలేదు" అనిపించిందంటే ఆ రోజు మానేయడమే.

కావలి_నర్సు
మంగళవారం, మధ్యాహ్నం 2:10

మా ఆసుపత్రికి వచ్చే కేసుల నుంచి కొన్ని రాస్తున్నాను. దయచేసి శ్రద్ధగా చదవండి.

జెల్ల చేప ముల్లు, టేకు చేప ముల్లు. వల దులిపేటప్పుడు పిల్లలు ఒట్టి చేతులు పెడతారు. ముల్లులో విషం ఉంటుంది, నొప్పి మోచేయి దాటి పైకి పాకుతుంది. దానికి మందు వేడినీళ్ళు. తట్టుకోగలిగినంత వేడి, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచాలి. వేడి ఎంతుందో పెద్దవాళ్ళు తమ చెయ్యి పెట్టి చూడాలి. నొప్పిలో ఉన్న చేతికి వేడి తెలియదు, పిల్లల్ని కాలిన బొబ్బలతో తెస్తున్నారు. ఆ తర్వాత టీటీ ఇంజెక్షన్, ముల్లు ముక్క లోపల ఉందేమో పరీక్ష. పసుపు, సున్నం, డీజిల్ పెట్టొద్దు. ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకెళ్ళండి.

సముద్రపు పాము వలలో పడుతుంది. కాటు వేసినా మొదట నొప్పి ఉండకపోవచ్చు, అందుకే జనం ఏమీ కాలేదనుకుంటారు. వల పైకి వచ్చేటప్పుడు పాప పడవ అవతలి చివరన ఉండాలి. పామును తీసి వదిలేశామని పెద్దవాళ్ళు చెప్పాకే దగ్గరికి రావాలి.

కడుపులో తిప్పడం. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు పెద్దవాళ్ళకన్నా ఎక్కువ. ఖాళీ కడుపుతో వద్దు, కడుపు నిండా కూడా వద్దు. రెండు ఇడ్లీలు చాలు. డీజిల్ పొగ వైపు కూర్చోబెట్టొద్దు, దూరంగా ఆకాశం నీళ్ళు కలిసే గీత చూడమనండి. మాత్ర వేయాలంటే బరువు చెప్పి డాక్టర్ని అడగండి, మెడికల్ షాపులో అడిగి వేయొద్దు.

చివరిది ఎవరికీ అవసరం రాకూడదు, అయినా అందరికీ తెలిసి ఉండాలి. నీళ్ళలో మునిగిన పిల్లను తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయకండి. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి పోయాలి, తర్వాత ఛాతీ మధ్య 30 సార్లు నొక్కడం, 2 ఊపిరులు. ఆపకుండా. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పొట్ట నొక్కుతూ పోగొట్టుకున్న నిమిషాలు ఎన్ని చూశానో రాయలేను.

చెరువుకట్ట (కోవూరు వైపు)
మంగళవారం, రాత్రి 10:05

మేము యానాదులం. నాకు వేట వయసు గురించి ఎవరూ అడిగింది లేదు. నడక వచ్చినప్పటి నుంచి మా నాయన వెనకాలే ఉన్నాను. ముచ్చటకు కాదు. అమ్మ నాట్లకు పోతే ఇంట్లో నన్ను వదలడానికి మనిషి లేక.

కోతలయ్యాక పొలం గట్ల మీద ఎలుకల వేట. నాయన కుండలో గడ్డి రాజేసి కన్నంలోకి పొగ ఊదేవాడు, నేను ఇంకో కన్నం దగ్గర కాపు. ఎలుకలు దాచుకున్న వెన్నులు తవ్వి తీస్తే ఒక్కోసారి అడ్డెడు వడ్లు. ఆ రోజు ఇంట్లో అన్నం. అదే కన్నంలో పాము కూడా ఉంటుంది. నాయన ముందు కన్నం వాకిలి చూసేవాడు. మన్ను నున్నగా ఉందా, కొత్తగా గీరి ఉందా అని. నున్నగా ఉంటే చెయ్యి పెట్టేవాడు కాదు. ఐదేళ్ళకే నాకు ఆ తేడా తెలుసు. చెరువులో కొరమీను పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంటే పట్టేవాడు కాదు. ఎర్రగా ముద్దలా కదిలే ఆ పిల్లల గుంపును నాకు చూపించి పక్కకు తప్పుకునేవాడు.

ఇవన్నీ నాకు గర్వమే. కానీ నాయన వెంట తిరిగిన రోజులన్నీ బడి లేని రోజులు కూడా. నేను తొమ్మిదో తరగతి దాకా వచ్చింది ఒక సారు ఇంటికొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడం వల్ల. మీ పాప వేటకు పోయి సోమవారం బడికి పోతుంది. ఆ రెండూ ఉన్న పిల్ల అదృష్టవంతురాలు. తీసుకెళ్ళండి అన్నా. మీ నాయనకు తెలిసినవి ఆయనతోనే పోకూడదు.

పలకాబలపం (బోగోలు మండలం)
బుధవారం, ఉదయం 6:40

పైన రాసిన తమ్ముడి మాట చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నేను తీరం ఊళ్ళలో పద్దెనిమిదేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు ఒక్కొక్కరే తగ్గిపోతారు. ముందు శనివారం వేట, తర్వాత శుక్ర శనివారాలు, తర్వాత పుస్తకాల సంచి అటక మీద. తండ్రి తప్పు కాదు. పడవకు మనిషి కావాలి, కూలీ ఇవ్వలేడు. తమిళనాడు కడలూరు వైపు నుంచి సోనా బోట్లనే పెద్ద మర బోట్లు వచ్చి ఊడ్చుకుపోయాక చిన్న పడవకు మిగిలేది తక్కువ, దాంతో ఖర్చు తగ్గించుకునే చోటు కొడుకే అవుతాడు.

చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు బడి అయ్యాక, సెలవుల్లో ఇంటివాళ్ళ వృత్తి పనికి సాయం చేయొచ్చు, అదీ ప్రమాదం లేని పనికే. చూడడానికి తీసుకెళ్ళడం వేరు, పనికి తీసుకెళ్ళడం వేరు. మీ పాప చేతికి తాడు ఇచ్చి లాగమంటే అది పని. ఆ గీత పెద్దవాళ్ళు గుర్తుంచుకోవాలి.

ఇంకొకటి గమనించాను. వేసవి సెలవులు వచ్చేది ఏప్రిల్ చివర్లో. నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. పిల్లలకు ఖాళీ ఉన్నప్పుడు మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలు మా ఊళ్ళలో చెట్ల కింద వలలు అల్లుతారు, పడవలకు మరమ్మతు చేస్తారు. వల అల్లడం నేర్పడానికి అంతకంటే మంచి కాలం లేదు. ఆరేళ్ళ వేళ్ళు ఆ ముడికి సరిగ్గా సరిపోతాయి. మా బడిలో ఒక అమ్మాయి వల కళ్ళు లెక్కపెట్టి గుణకారం నేర్చుకుంది.

పెన్నఒడ్డు
బుధవారం, రాత్రి 11:15

ఒక్కొక్కరి మాటా మా ఆవిడకు చదివి వినిపించాను. యానాది తమ్ముడు రాసింది చదివేటప్పుడు నా గొంతు ఆగిపోయింది, మిగతాది ఆమే చదివింది. చివరికి ఆమె అన్నది ఇది: "ముందు ఒడ్డు. తర్వాత కాలువ. ఆ రెండూ నేను చూశాక సముద్రం సంగతి చెప్తా."

కాబట్టి ఈ ఆదివారం అలివి వల (ఒడ్డు నుంచే లాగే పెద్ద వల) లాగేటప్పుడు ఒడ్డున నిలబెడతాం. ఈత కూడా మొదలుపెట్టాం, నెల్లూరులో పొద్దున ఆరింటికి. జాకెట్ తెప్పించి భుజాలు పట్టుకుని లేపి చూశాను, చెవుల దాకా వచ్చింది. వెనక్కి పంపి ఇంకో సైజు చెప్పాను.

నాయన పెద్దల దగ్గరికి పోయి వచ్చాడు. అనుమతి అడగలేదట. "నా మనవరాలిని తీసుకెళ్తున్నాను, మీకు చెప్పడం నా ధర్మం" అన్నాడట. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు టీ తాగారు.

పెన్నఒడ్డు
మార్చి రెండో శనివారం, రాత్రి 9:00

పోయి వచ్చాం. ఎలా జరిగిందో అలాగే రాస్తున్నాను.

నిన్న పాటు సమయంలో నాయన గెడ పట్టుకుని మొగ దగ్గరికి పోయి మేట ఎక్కడుందో పొడిచి చూసి వచ్చాడు. ఈరోజు పోటు మీద, వెలుతురు వచ్చాక, ఆరుంబావుకు కాలువలోంచి బయలుదేరాం. పాప జాకెట్ వెనక పట్టీ నా చేతిలోనే. మా ఆవిడ కాలువ గట్టు మీద కాగితంతో. మొగ దాటేటప్పుడు పడవ ముక్కు రెండుసార్లు లేచింది. పాప నా మోకాలు పట్టుకుంది, అరవలేదు.

బయట సముద్రం చాపలా ఉంది. ఇరవై నిమిషాలు చాలా సంతోషంగా ఉంది. నీళ్ళ రంగు మారే చోటును తనే మొదట చూసి చూపించింది. నాయన అక్కడే ఇంజన్ ఆపి కవళ్ళ వల వదిలాడు. పడవ ఆగాక మొదలైంది. ముఖం తెల్లబడింది, రెండుసార్లు వాంతి. "నాన్నా, ఇంటికి పోదాం" అంది.

వల నీళ్ళలోకి పోయి పావుగంట కూడా కాలేదు. తీస్తూ కూర్చుంటే ముప్పావు గంట. ఆ వల కొనడానికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. నేను నాయన వైపు చూశాను గానీ అడగలేకపోయాను. ఆయన పాప వైపు ఒకసారి చూసి చిన్నాన్నకు సైగ చేశాడు. చిన్నాన్న వల కొసకు జెండా ఉన్న బెండు కట్టి వదిలేశాడు. దగ్గర్లో ఉన్న మా వీధి వాళ్ళ పడవకు కేకేసి చెప్పి తిప్పేశాం. నా చిన్నతనంలో జ్వరంతో ఉన్నా నాయన వల వదిలి రాలేదు. అది నాకు తెలుసు.

పాప అవ్వ ఒళ్ళో రెండు గంటలు నిద్రపోయింది. పదిన్నరకు ఆ పడవ మా వలతో ఒడ్డుకు వచ్చింది. నాయన పాపను లేపి తీసుకెళ్ళాడు. నాలుగు గంపల కవళ్ళు, ఒక చిన్న మాగ చేప. రెండు గంపలు వల తీసినవాళ్ళ వంతుకు పోయాయి. పాప లెక్కపెట్టి అడిగింది, "నాకు వాంతి వచ్చిందని రెండు గంపలు ఇచ్చేశామా తాతా?" నాయన చెప్పాడు, "కాదమ్మా, వాళ్ళు మన వల తీశారు కదా, అందుకు." కాసేపు ఆలోచించి ఆ మాగను కూడా వాళ్ళ గంపలో వేయమంది. నాయన వేశాడు.

చేపలు కొట్టుకోవడం చూసింది. ఒకటి చేతిలో పట్టుకుని కదలడం ఆగే దాకా చూస్తూ ఉంది. ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రాత్రి పులుసు తింది.

తెరచాప
ఆదివారం, ఉదయం 6:00

మీ నాయనకు నా నమస్కారం చెప్పండి. వల వదిలి రావడం ఎంత కష్టమో వేటకు పోయేవాడికే తెలుసు.

ఇద్దరమ్మాయిల_అమ్మ
ఆదివారం, ఉదయం 8:20

మీ ఆవిడ గట్టు మీద కాగితంతో నిలబడింది అని చదివి కళ్ళు చెమర్చాయి. పాప మళ్ళీ పోతానంటోందా?

పెన్నఒడ్డు
ఆదివారం, ఉదయం 9:45

ఈరోజు లేవగానే మేడమీదికి పోయి గాలి ఎటు నుంచి వస్తోందో చూసి తాతకు ఫోన్ చేసింది. నిషేధంలో వల అల్లడం నేర్పుతానన్నాడు, టీచర్ గారి సలహా చెప్పాను. పడవ మళ్ళీ జూన్ 15 తర్వాతే. అప్పటికి వానలు మొదలవుతాయి కదా. కొత్తపట్నం అన్నా, జూన్‌లో మన దగ్గర అలలు ఎలా ఉంటాయి? పిల్లకు పోదగిన రోజు దొరుకుతుందా, లేక జనవరి దాకా ఆగమంటారా?

కొత్తపట్నం_బోటు
ఆదివారం, ఉదయం 10:30

జనవరి దాకా ఆగండి. జూన్‌లో నిషేధం విప్పగానే అందరూ ఒకేసారి దిగుతారు, మొగల దగ్గర రద్దీ, మధ్యాహ్నానికి ఈదురు గాలులు. అక్టోబరు నుంచి డిసెంబరు మన తుపాన్ల కాలం, దాని ఊసే వద్దు. సంక్రాంతి దాటాక నాకు ఫోన్ చేయండి. అప్పటికి పాప బరువు పెరుగుతుంది, జాకెట్ మళ్ళీ లేపి చూడండి.